పరీక్షలయ్యాక చెబుదాం

ఏప్రిల్ 11, 1998
రాజమండ్రి, హాస్టల్

ఇవాళ్టితో అమెరికన్ లిటరేచర్ క్లాసులు అయిపోయాయి. శివరామకృష్ణ మాస్టారు చివరి గంటంతా డ్రమాటిక్ ఐరనీ మీదే చెప్పారు. "కథలో చుట్టూ ఉన్నవాళ్ళకి తెలుసు, చదివేవాడికి తెలుసు. ఎవడి నెత్తిన పడబోతోందో వాడికొక్కడికే తెలీదు. అదండీ ఐరనీ" అని సుద్దముక్క బల్ల మీద పడేసి వెళ్ళిపోయారు. ఈ ప్రశ్న తప్పకుండా వస్తుందట.

సిలబస్‌లో ఉన్న నవల నాకు నచ్చింది. ఏటి ఒడ్డున పెరిగినదాన్ని కదా, నది మీద నడిచే కథ కాబట్టి నచ్చిందేమో. ఇంట్లోంచి పారిపోయిన కుర్రాడొకడు, యజమానురాలి దగ్గర్నుంచి పారిపోయిన బానిస ఒకడు, ఇద్దరూ తెప్ప మీద పోతుంటారు. కథ చెప్పేది ఆ కుర్రాడే. చూసింది చూసినట్టు చెబుతాడు కానీ చాలాసార్లు దాని అర్థం వాడికి తెలియదు, మనకి తెలుస్తుంది. మట్టిబుర్ర. కళ్ళెదుట ఉన్నది కనపడనివాళ్ళు కూడా ఉంటారా అంటే సత్యశ్రీ "ఉంటార్లే" అంది. సత్యశ్రీ నా రూమ్మేట్. రెండేళ్ళుగా ఒకే కంచంలో తింటున్నాం.

పరీక్షలు ముప్పయ్యో తారీకు నుంచి మే పద్నాలుగు దాకా. ఆ తర్వాత నా పెళ్ళి. ముహూర్తం పెట్టలేదు, అసలా మాటే ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో ఎత్తాల్సిన పని కూడా లేదు. నేను పుట్టిన పదకొండో రోజున మేనత్త వచ్చి "ఇది నా కోడలు" అని కాళ్ళకి వెండి కడియాలు తొడిగి వెళ్ళిందట. ఆ కోడలుతనం ఇరవై మూడేళ్ళుగా అలాగే ఉంది.

బావ పేరు గణేష్‌బాబు. రావులపాలెం అరటి యార్డులో గెలల వ్యాపారం. ఇంటర్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్షకని బయల్దేరి గెలల లారీ ఎక్కి ఒరిస్సా పోయాడు. అదీ మా బావ.

శివరాత్రికి కలిసినప్పుడు "హాస్టల్‌కి వస్తే ఆ లుంగీతో మాత్రం రాకు" అన్నాను. అప్పట్నుంచి ఉత్తరం లేదు. బెట్టు. చెయ్యనీ, ఎన్నాళ్ళు చేస్తాడో నేనూ చూస్తాను.

ఏప్రిల్ 13

ఉత్తరం లేదు. నేనూ రాయను.

ఏప్రిల్ 16

చెప్పా పెట్టకుండా అమ్మ దిగింది. మండపేట నుంచి ఎండలో బస్సులో నిలబడి వచ్చిందట, మొహం పీక్కుపోయి ఉంది. గుమ్మంలోనే "పరీక్షలయ్యేదాకా ఇంటికి రాకే. కరెంటు ఉండట్లేదు, చదువు సాగదు" అంది. ఈ మాట చెప్పడానికి ఇంత దూరం రావాలా?

నా ఆకుపచ్చ పట్టుచీర అడిగి తీసుకుంది. ఎవరిదో పెళ్ళి ఉందట. ఎవరిదంటే "నువ్వెరగవులే, దూరపు చుట్టాలు" అంది. దూరపు చుట్టాల పెళ్ళికి నా పట్టుచీర!

వెళ్ళేముందు కొళాయి దగ్గర సత్యశ్రీతో అరగంట మాట్లాడింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, సత్యశ్రీ తలొంచుకుని నిలబడింది, అమ్మ దానిచేత తన చేతిలో చెయ్యి వేయించుకుంది. తర్వాత ఏంటే సంగతంటే "నిన్ను జాగ్రత్తగా చూసుకోమన్నార్లే" అంది. అమ్మకి నా మీద ఇంత బెంగ ఉందని నాకు తెలియదు. ఊరికే విసుక్కున్నాను, పాపం.

ఏప్రిల్ 19, ఆదివారం

మధ్యాహ్నం నుంచి తలనొప్పి. మాత్ర వేసుకుని పడుకుంటే లేచేసరికి అయిదు దాటింది. మెస్సులో వంట చేసే రత్తమ్మ పళ్ళెం నిండా చక్రకేళీలు తెచ్చింది. "ఎవరో గెల మోసుకొచ్చేరమ్మా, పిల్లలందరికీ పెట్టమని" అంటుంటే సత్యశ్రీ అందుకుని "డేస్కాలర్ ఎవరిదో, వాళ్ళ నాన్నగారంట" అంది.

మూడు తిన్నాను. మచ్చ లేదు, మరీ మగ్గలేదు, సరైన అదనులో కోసిన గెల. మా బావ చూసి ఉంటే పండు చేత్తో పట్టుకుని తోట పేరు చెప్పేవాడు. సత్యశ్రీ ఒక్కటి కూడా ముట్టుకోలేదు. పడిశమట. కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

ఏప్రిల్ 24

నవల మళ్ళీ చదువుతున్నాం. నేను గట్టిగా చదవడం, సత్యశ్రీ నోట్సు రాయడం. వరదలో ఒక ఇల్లు కొట్టుకొస్తుంది, అందులో ఎవరిదో శవం. బానిస ముందు వెళ్ళి చూసి, ఆ మొహం మీద గుడ్డ కప్పేసి, కుర్రాణ్ణి చూడొద్దంటాడు. ఆ చచ్చినవాడు కుర్రాడి తండ్రే. ఆ సంగతి కథ చివరదాకా చెప్పడు.

"అలా దాచడం తప్పు కాదంటావా?" అంది సత్యశ్రీ.

"తప్పేంటే? ప్రేమ ఉన్నవాడే దాస్తాడు. పోయినేడు ఎకనామిక్స్ అమ్మాయి తాతగారు పోతే పరీక్షలయ్యేదాకా చెప్పామా? హాస్టలంతా కలిసి దాచాం కదా."

"నీ విషయమైతే?"

"నాదైనా అంతే. పరీక్షలయ్యాక చెబితే చాలు."

"నిజంగానా? ఒట్టు?" అని నా చెయ్యి పట్టుకుంది. ఇంతదానికే కళ్ళనీళ్ళు. మరీ సున్నితం మనిషి.

నాకు ఒళ్ళు మండింది ఇంకోచోట. చివర్లో ఆ బానిసని పట్టి బంధిస్తారు. యజమానురాలు చనిపోతూ అతనికి స్వేచ్ఛ రాసిచ్చిపోయిందని కుర్రాడి స్నేహితుడికి తెలుసు. తెలిసి కూడా చెప్పడు. విడిపించే ఆట బాగుంటుందని అందరినీ నానా తిప్పలూ పెడతాడు. ఇద్దరూ దాచినవాళ్ళే, ఒకడిది ప్రేమ, ఒకడిది ఆట. ఈ తేడా పట్టుకుని రాస్తే మార్కులన్నీ నావే.

ఏప్రిల్ 30

మొదటి పేపరు బాగా రాశాను. ఉత్తరం లేదు.

మే 6

బావ కోసం కాదు కానీ, ఊరికే ఇంటికి ఫోన్ చేయాలనిపించింది. మాకు ఫోన్ లేదు, పక్కింటి పల్లంరాజు గారింటికి చేస్తే పిలుస్తారు. బూత్‌లో పావుగంట నిలబడ్డాను.

"మీవాళ్ళు ఊళ్ళో లేరమ్మా. నిన్న పొద్దున్నే వేను కట్టించుకుని అందరూ బయల్దేరేరు" అన్నారు.

"అందరూనా? ఎక్కడికండీ?"

వెనకాల వాళ్ళావిడ గొంతు వినపడింది. ఆయన కాస్త ఆగి, "అన్నవరమమ్మా. స్వామివారి వ్రతం. నీ పరీక్షల గురించేనంట. నువ్వు బెంగెట్టుకోకుండా రాసుకో తల్లీ" అని పెట్టేశారు.

బూత్‌లోనే ఏడుపొచ్చింది. నాన్న గుడి మెట్లెక్కి పదేళ్ళు దాటి ఉంటుంది. నా కోసం వ్రతం! ఫస్ట్ క్లాసు తెచ్చుకోకపోతే నేను మనిషిని కాను.

మే 7

మూడో పేపరు. నాన్న కొండెక్కిన సంగతి తలుచుకుంటూ రాశాను. అడిషనల్ షీట్లు నాలుగు.

మే 9

నాన్న వచ్చాడు. చేతిలో రెండు స్టీలు కేన్లు. ఒకదాంట్లో లడ్లు, ఒకదాంట్లో కాజాలు, జంతికలు. లడ్డు ఒక్కొక్కటీ కొబ్బరికాయంత ఉంది. ఊళ్ళో ఎవరిదో పెళ్ళయితే పంచిపెట్టారట.

"ప్రసాదమేది నాన్నా?" అన్నాను.

"ఏం ప్రసాదం?"

"అన్నవరం వెళ్ళేరంట కదా."

నా మొహంలోకి చూసి, చూపు తిప్పుకుని, "అదా... మర్చిపోయేనమ్మా" అన్నాడు. అన్నవరం వెళ్ళి ప్రసాదం మర్చిపోయిన మనిషిని ఈ జిల్లాల్లో మా నాన్ననే చూశాను. యాభై దాటేసరికే మతిమరుపు, పాపం.

బావ ఎలా ఉన్నాడని అడిగాను. అడక్కూడదనుకుంటూనే అడిగాను. "బాగున్నాడు. వాడికేం, బాగానే ఉన్నాడు" అని బస్సు టైమయిందని లేచాడు. వచ్చి ఇరవై నిమిషాలు కాలేదు.

సాయంత్రం అందరికీ పంచాను. రత్తమ్మ లడ్డు విరిచి నోట్లో వేసుకుని "పచ్చకర్పూరం వేసేరు, ఇది సారె లడ్డమ్మా. కొత్త కోడలు ఎవరింటికొచ్చిందేంటి?" అంది. ఎవరింటికైతే నాకెందుకు, నేను రెండు తిన్నాను. సత్యశ్రీకి మళ్ళీ పడిశం.

మే 14

అయిపోయింది! అడిగాడు, అదే అడిగాడు, నవలలో డ్రమాటిక్ ఐరనీ. తొమ్మిది పేజీలు రాశాను. శవం మొహం కప్పినవాడి ప్రేమ గురించే మూడు పేజీలు. చెయ్యి నొప్పిగా ఉంది, ఆకలిగా ఉంది, నవ్వొస్తోంది.

రేపు ఇంటికి. నాలుగు రోజులు ఆగి నేనే రావులపాలెం వెళ్ళిపోతాను. లుంగీ కట్టుకుని ఉన్నా సరే. బెట్టులో నేనే ఓడిపోయానని చెబుతాను.

సత్యశ్రీ పొద్దుటి నుంచీ ఏడుస్తోంది. విడిపోతున్నామని.

మే 15

బావ పెళ్ళి అయిపోయింది. మే ఆరున, తునిలో.

ఆ లడ్లు.

మే 16

రాస్తే కానీ ఊపిరాడదు. మొదట్నుంచీ రాస్తాను.

నిన్న పొద్దున్న పెట్టె పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళిపోయేవాళ్ళు విజిటర్ల రిజిస్టర్‌లోనే చివర సంతకం పెట్టాలి. వాచ్‌మన్ చిట్టియ్య పుస్తకం ఇచ్చి బీడీ కోసం లోపలికి వెళ్ళాడు. ఊరికే పేజీలు తిప్పాను. ఏప్రిల్ 19. పేరు గణేష్‌బాబు. ఎవరి కోసం: సూర్యకళ, ఎం.ఏ. ఇంగ్లీషు. బంధుత్వం: బావ. బావ రాతే. తలకట్లన్నీ పడిపోతున్నట్టుండే ఆ రాత నాకు తెలియకపోవడమేమిటి! వచ్చిన టైము మూడున్నర, వెళ్ళిన టైము అయిదు.

"చిట్టియ్యా, ఈయన వచ్చేరా?"

"ఆయ్, వచ్చేరండి. గెల మోసుకొచ్చింది ఆయనేనండి. గంటన్నర ఆ బల్ల మీదే కూచున్నారండి. ఇస్త్రీ పేంటూ చొక్కా వేసుకుని, చెమటకి తడిసిపోయేరు పాపం. మీకు తలనొప్పని సత్యశ్రీ గారొచ్చి చెప్పేరండి."

వెనక్కి తిరిగితే సత్యశ్రీ నిలబడి ఉంది. నేనేమీ అడగకుండానే అంతా చెప్పేసింది. అమ్మ చేతిలో చెయ్యి వేయించుకుందట, పరీక్షలయ్యేదాకా బావ పెళ్ళి సంగతి నా చెవిన పడకూడదని. ఆ రోజు బావ దాన్ని అడిగింది ఒక్కటే. "కళకి నేనంటే ఇష్టం లేదంట. మావయ్య చెప్పేడు. తన నోటితో ఒక్కసారి వింటే వెళ్ళిపోతాను" అన్నాడట. ఇది "తను ఇప్పుడెవరినీ చూడనంది" అని చెప్పి పంపేసిందట. నేను పైన, మాత్ర వేసుకుని నిద్రపోతున్నాను.

"నాకు తెలిసినా ఏం చెయ్యనే? నేనే కదా నిన్నడిగేను, నువ్వే అన్నావు, పరీక్షలయ్యాక చెబితే చాలని" అని ఏడ్చింది. దాని చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. నేనన్నాను, నిజమే, అన్నాను. పెట్టె ఎత్తుకుని వచ్చేశాను.

ఇంట్లో నన్ను చూడగానే అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నా మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

"బావంటే ఇష్టం లేదని నేను చెప్పేనా?" అన్నాను.

నాన్న పడక్కుర్చీలోంచి లేవలేదు. "నువ్వు చెప్పలేదు. నేను చెప్పేను."

"ఎందుకు?"

"కాయలు మోసుకునేవాడికి ఎం.ఏ. చదివిన పిల్లనిస్తానా? రాజమండ్రిలో జూనియర్ లెక్చరర్ కుర్రాడున్నాడు. వాళ్ళు వచ్చే వారం చూడ్డానికొస్తారు."

"ఇవ్వనని నువ్వే చెప్పొచ్చుగా. నా పేరెందుకు?"

"నేనివ్వనంటే మా అక్క నా గుమ్మం తొక్కుతుందా? తోడబుట్టింది ఒక్కతి. పిల్ల చదువుకుంది, దానికి ఇష్టం లేదంట అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఈ రోజుల్లో అందరిళ్ళలోనూ ఉన్నదే."

ఎవరూ ఏమీ అనుకోరట. అనుకునేదేదో నన్నే అనుకుంటారు. అమ్మ మధ్యలో వచ్చి "పరీక్షలు పాడైపోతాయనే కదే చెప్పలేదు. నీ మంచికే" అంది. నాకు అప్పటికి తట్టింది.

"పరీక్షలు పద్నాలుగుకి అయిపోయేవి. పెళ్ళి ఎనిమిది రోజులు ఆగలేదా?"

మిగతాదంతా అమ్మ నోటినుంచి ఒక్కొక్కటీ లాగాను. తుని సంబంధం చూసింది నాన్నే. మేనమామ హోదాలో దగ్గరుండి ముహూర్తం పెట్టించింది నాన్నే. ఎనిమిది రోజులు ఆగితే నేనొచ్చి నోరు విప్పుతాను. అందుకని ఆరో తారీకు. నా పరీక్షలు వాళ్ళకి అడ్డం కాలేదు, అక్కరకొచ్చాయి.

అమ్మ ఆ పెళ్ళిలో కట్టుకున్నది నా పట్టుచీర. ఉతికి, మడత పెట్టి, నా పెట్టె మీద పెట్టింది.

మే 17

అన్నం తినలేదు. అమ్మ బతిమాలింది. బతిమాలుతుంటే ఇంకా కోపం వచ్చింది.

మే 18

సత్యశ్రీ దగ్గర్నుంచి ఉత్తరం. విప్పలేదు.

ఆ తొమ్మిది పేజీలు ఎక్కడో కట్టలో ఉన్నాయి. ప్రేమ ఉన్నవాడే దాస్తాడని రాశాను, కింద గీత కూడా గీశాను. వెళ్ళి వెనక్కి తెచ్చుకోవడానికి వీలుంటే బావుణ్ణు. దాచినవాడికి ఏం కలిసొచ్చిందో ముందు చూడాలని ఎవరూ చెప్పలేదు. పుస్తకం పట్టుకుని ఆ కుర్రాణ్ణి మట్టిబుర్ర అంటూ నవ్వుతూ కూచున్నాను.

మే 20

రేపు రావులపాలెం. కొత్త దంపతులకి బట్టలు పెట్టి భోజనానికి పిలవాలట. "నువ్వూ రావాలి, లేకపోతే నువ్వేదో పెట్టుకున్నావనుకుంటారు" అంది అమ్మ. సరే వస్తానన్నాను. అమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

రేపు బావకి చెప్పేస్తాను. నేను వద్దనలేదని, ఆ మాట నాది కాదని, అత్తయ్య ముందూ అమ్మ ముందూ చెప్పేస్తాను. అక్కాతమ్ముళ్ళకి రాకపోకలు తెగిపోతే తెగిపోనీ. నన్ను తెంచినప్పుడు లేని బాధ అప్పుడెందుకు?

మే 21

బస్సు జొన్నాడ వంతెన దాటుతున్నప్పుడు చెప్పాల్సిన మాటలు మూడుసార్లు లోపల అనుకున్నాను. అత్తయ్య నన్ను చూసి లేచి నిలబడింది కానీ దగ్గరికి తీసుకోలేదు. "చదువులు బాగా అయ్యేయా" అంది. అంతే. చిన్నప్పట్నుంచి నన్ను ఒళ్ళో వేసుకుని తల దువ్విన మనిషి. అమ్మ పక్కనే నిలబడి వింది.

ఆ అమ్మాయి వంటింట్లోకి పిలిచింది. పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో, పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. పీట వేసి కూచోమని, మజ్జిగ కలుపుతూ, నావైపు చూడకుండా మాట్లాడింది.

"అక్కా, మీకు దణ్ణం పెట్టాలండి. మేనమామ కూతురుండగా బయటి పిల్లని ఎందుకు చేసుకుంటున్నారో, లోపమేంటోనని మా ఇంట్లో ఒకటే గొడవండి. నాన్నగారు రెండుసార్లు కాదన్నారు. మీ నాన్నగారు స్వయంగా వచ్చి, మా అమ్మాయే వద్దందండి అని చెప్పేక అప్పుడు ఒప్పుకున్నారు." కవ్వం ఆపి, "ఆయన మాత్రం ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరండి. పెద్ద చదువులు చదివేరు కదా, ఒక్కమాట మీరు చెబితే వింటారేమో" అంది.

ద్వేషిద్దామని వచ్చాను. అది గ్లాసు కొంగుతో తుడిచి నాకందించింది.

బావ యార్డు నుంచి వచ్చాడు. చిక్కిపోయాడు. అమ్మా అత్తయ్యా లోపల మేం తెచ్చిన బట్టలు విప్పి చూసుకుంటున్నారు. అరుగు మీద మేమిద్దరమే.

"తలనొప్పి తగ్గిందా?" అన్నాడు. నెల దాటింది ఆ తలనొప్పికి.

"తగ్గింది."

"కళా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ మాట నువ్వే అన్నావా, మావయ్య అన్నాడా?"

మూడుసార్లు అనుకున్న మాటలు నోట్లోనే ఉన్నాయి. బావ వెనకాల, గుమ్మంలో, ఆ అమ్మాయి రెండో గ్లాసు పట్టుకుని నిలబడిపోయి ఉంది. విన్నది. నా నోటివంకే చూస్తోంది. నేను నిజం చెబితే ఆ ఇంట్లో అది ఇంకెప్పుడూ కూచోలేదు, బావ దాని మొహం చూడలేడు, నాకు మాత్రం ఏమీ తిరిగిరాదు.

"నేనే అన్నాను బావా" అన్నాను.

బావ తల ఊపాడు. కాసేపు తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. అరటి జిగురుకి నల్లబడిపోయిన చేతులు. "నీ నోటితో విన్నాను, చాలు" అని లేచి, భార్య చేతిలో గ్లాసు తీసుకుని, "నువ్వు తిన్నావా?" అని అడిగాడు దాన్ని. ఆ అమ్మాయి మొహం ఎంత వెలిగిందో. నేను అటు తిరిగి వీధిలోకి చూస్తూ కూచున్నాను.

వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "అంతా విన్నానే. బంగారుతల్లివి. మీ నాన్న పరువు నిలబెట్టేవు" అంది. చెయ్యి లాక్కున్నాను. వాళ్ళ కోసం చేశాననుకుంటోంది. చెప్పినా అర్థం కాదు, చెప్పలేదు. లెక్చరర్ సంబంధంవాళ్ళు ఆదివారం వస్తారట, ఏ చీర కట్టుకుంటావని అడుగుతూనే ఉంది. ఎవరూ రానక్కర్లేదన్నాను. వస్తే వాళ్ళ మొహం మీదే వద్దంటానని, ఈసారి ఆ మాట నిజంగా నాదే అవుతుందని అన్నాను.

ఇంకెక్కడా చెప్పేది లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను అనలేదు బావా. నన్నెవరూ అడగలేదు.